చలి కొండల మీద చిన్న స్టవ్‌కు ఏ ఇంధనం?

సంపాదకులు గారికి,

నమస్కారం. కార్తీకమాసం మొదలైందంటే విశాఖ నుంచి వంజంగి, లంబసింగి, అరకు వైపు గుడారాలు పట్టుకుని బయలుదేరే కుటుంబాలు ఏటేటా పెరుగుతున్నాయి. అందరి సంచుల్లోనూ అరచేతిలో ఇమిడే గ్యాస్ స్టవ్ ఒకటి ఉంటోంది. స్టవ్ కొనేటప్పుడు నాలుగు కొట్లు తిరిగేవారు కూడా అందులో మండేదేమిటని అడగడం లేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

గత జనవరిలో లంబసింగిలో మా బావమరిది పిల్లలతో కలిసి ఒక రాత్రి గుడారంలో ఉన్నాం. తెల్లవారుజామున టీ పెడదామని స్టవ్ వెలిగిస్తే, మొదట బాగా లేచిన మంట కాసేపటికే దీపం వత్తి అంతకు తగ్గిపోయింది. డబ్బా పట్టుకుంటే చెయ్యి కొంకర్లు పోయేంత చల్లగా ఉంది, అడుగున తెల్లగా మంచుపొర పట్టింది. ఊపి చూస్తే లోపల ఇంధనం సగానికి పైగా ఉంది. పక్క గుడారం కుర్రవాడు మంచి మనసుతోనే ‘నెగడు పక్కన కాసేపు పెట్టండి అంకుల్, వేడెక్కుతుంది’ అంటూ డబ్బా అందుకోబోయాడు. గబుక్కున చెయ్యి అడ్డం పెట్టి, దాన్ని నా శాలువాలో చుట్టుకుని కూర్చున్నాను. 50 డిగ్రీలు దాటే వేడి తగలనీయవద్దని ఆ డబ్బా మీదే రాసి ఉంది.

ఆ డబ్బాలో ఉన్నది ఒట్టి బ్యూటేన్. సముద్రమట్టం దగ్గర అది సున్నా డిగ్రీలకు కాస్త దిగువనే ద్రవంగా ఉండిపోతుంది, ఆవిరిగా మారదు. పైగా ఆవిరయ్యేకొద్దీ డబ్బాను ఇంకా చల్లబరుస్తుంది కాబట్టి, బయట ఐదు డిగ్రీలున్నా లోపల సున్నా దగ్గరకు చేరడానికి ఎంతో సేపు పట్టదు. ఐసోబ్యూటేన్ సుమారు మైనస్ 12 డిగ్రీల వరకు, ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల వరకు ఆవిరవుతాయి. అందుకని రుషికొండ ఇసుకలో టీ కాచుకోవడానికి ఒట్టి బ్యూటేన్ చాలు గానీ, డిసెంబరు, జనవరిల్లో కొండెక్కేవారు ఈ రెండూ కలిసిన మిశ్రమం డబ్బానే, అదీ తమ స్టవ్‌కు సరిపోయేదే, అడిగి కొనాలి. గాలి తగలని చోట లీటరు నీళ్లు మరగడానికి 10 నుంచి 15 గ్రాముల గ్యాస్ పడుతుంది; 230 గ్రాముల డబ్బా ఒకటి నలుగురికి రెండు రోజులు వస్తుంది.

నన్ను ఎక్కువగా భయపెడుతున్నది మరొకటి. ఖాళీ బ్యూటేన్ డబ్బాల్లో ఇంటి సిలిండరు గ్యాస్ నింపించుకుంటున్నారు. ఇంటి గ్యాస్‌లో ప్రొపేన్ కూడా ఉంటుంది కాబట్టి దాని ఒత్తిడి ఒట్టి బ్యూటేన్ కంటే చాలా ఎక్కువ. ఆ పల్చటి రేకు అంత ఒత్తిడికి చేసింది కాదు. అలాంటి డబ్బాను మే నెల ఎండలో కారు డిక్కీలో పెట్టి బీచ్ రోడ్డులో ఆపితే ఏమవుతుందో తలచుకుంటేనే గుండె దడదడలాడుతుంది.

స్పిరిట్ స్టవ్ చవక, తేలిక. అయితే బరువుకు బరువు చూస్తే గ్యాస్ ఇచ్చే వేడిలో సుమారు అరవై శాతమే ఇస్తుంది. పగటి వెలుతురులో దాని మంట దాదాపు కనబడదు. ఆరిపోయిందనుకుని మళ్లీ స్పిరిట్ పోసి చేతులు కాల్చుకునేది అందుకే. దాన్ని మంచినీళ్ల సీసాలో అసలు పోయవద్దు, పిల్లలు తాగేస్తారు. పంపు కొట్టే కిరోసిన్ స్టవ్ చలికి లొంగదు, కానీ కిరోసిన్ దొరకడమే గగనమైపోయింది. బైకు ట్యాంకులోంచి పెట్రోలు తీసి కిరోసిన్ స్టవ్‌లో పోసేవారిని చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

అరకుకు కిరండూల్ రైల్లో వెళ్లేవారికి మరో మాట. ఇవేవీ రైలెక్కించకూడదు. 1989 నాటి రైల్వే చట్టం 164వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 2023 ఆగస్టు 26న మదురైలో ఆగి ఉన్న యాత్రికుల బోగీలో, రహస్యంగా తెచ్చుకున్న గ్యాస్ సిలిండరు వల్ల చెలరేగిన మంటల్లో తొమ్మిది మంది చనిపోయారు. యాభైకి పైగా సొరంగాలున్న మన ఘాట్ దారిలో అలాంటిది జరిగితే పరుగెత్తడానికి కూడా చోటుండదు.

ఏ ఇంధనమైనా గుడారం లోపల వెలిగించకూడదు. మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలో ఉన్నవారికి తెలియనే తెలియదు. కొండ మీద గుడారాలు అద్దెకిచ్చేవారు గాలి మరల్చే చిన్న గోడ, పైకప్పు ఉన్న వంట అరుగు ఒకటి బయట కట్టిస్తే, చలికి ఓర్వలేక స్టవ్‌ను లోపలికి తెచ్చుకునే అవసరం రాదు. డబ్బాలు అమ్మే నగర దుకాణదారులు లోపల ఏ గ్యాస్ ఎంత పాలు ఉందో, ఎంత చలి వరకు మండుతుందో తెలుగులో ఒక చీటీ రాసి అరలకు అంటించాలని మీ పత్రిక ద్వారా వారిని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సీతమ్మధార, విశాఖపట్నం