శిబిరం ముగిశాక ఊరికి జవాబు చెప్పేదెవరు?

సంపాదకుల వారికి నమస్కారం.

డిగ్రీ మొదటి సంవత్సరం పరీక్షలు కాగానే పిల్లలు ఫైళ్లు పట్టుకుని ఊళ్లకు వస్తారు. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అని ఉన్నత విద్యామండలి 2020-21 నుంచి డిగ్రీలో పెట్టింది. 180 గంటల పని, నాలుగు క్రెడిట్లు. ఆలోచన చాలా మంచిది. పట్నంలో పెరిగిన పిల్ల ఒక పల్లెలో పది ఇళ్లు తిరిగి, మనుషుల కష్టసుఖాలు వినడం కంటే పెద్ద చదువు ఏముంది? ఈ పథకం వద్దని నేననను. దాన్ని నడిపే మనిషిని పెట్టమని అడగడానికే ఈ ఉత్తరం.

చంద్రగిరి మండలంలోని మా పల్లెకు పోయిన ఎండాకాలం ఒక కాలేజీ పిల్లలు వచ్చారు. ఇంట్లో ఎంతమంది, మరుగుదొడ్డి ఉందా, రేషన్ కార్డు ఉందా, అప్పు ఎంత, పాడి ఉందా అని వరసగా రాసుకుంటున్నారు. మా వీధి చివర ఉండే ఒక పెద్దావిడ అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. చివర్లో అడిగింది: "పోయినేడు వచ్చిన పిల్లోళ్లు గూడా ఇవే రాసుకోని పోయినారు కదా నాయనా, దాంతో ఏమి చేసినారు?" ఆ అబ్బాయి మొహం చిన్నబోయింది. అతనికి నిజంగా తెలియదు. ముందటేడు ఏ కాలేజీ వచ్చిందో, ఆ రిపోర్టు ఎక్కడుందో అతనికి చెప్పినవాళ్లు లేరు. పిల్లవాడి తప్పేమీ లేదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన ఉద్యోగమే ఆ కాలేజీలో లేదు.

జాతీయ సేవా పథకం, అదే ఎన్ఎస్ఎస్ సంగతీ ఇంతే. గాంధీజీ శతజయంతి సంవత్సరం 1969లో, సెప్టెంబర్ 24న, 37 యూనివర్సిటీలతో మొదలైన గొప్ప పథకం అది. రెండేళ్లలో 240 గంటల సేవ, దత్తత గ్రామంలో ఏడు రోజుల శిబిరం. దీన్ని నడిపే ప్రోగ్రాం ఆఫీసరు ఒక లెక్చరరే. ఆయన పాఠాలు చెప్పాలి, వాల్యుయేషన్‌కు పోవాలి, కాలేజీలకు గ్రేడులిచ్చే నాక్ వాళ్లు వస్తున్నారంటే రాత్రిళ్లు కూర్చుని ఫైళ్లు సిద్ధం చేయాలి. వీటి మధ్య వంద మంది వాలంటీర్లతో యూనిట్ నడపాలి. పైగా ఆ బాధ్యత మూడేళ్లకే, మహా అయితే ఇంకో ఏడాది. సర్పంచి ఎవరో, ఏ వీధిలో ఏ గొడవ ఉందో, బోరు ఎందుకు ఎండిందో తెలిసేసరికి ఆయన స్థానంలో ఇంకొకరు వస్తారు. నేను ముప్పై ఏళ్లకు పైగా సర్కారు బడిలో పనిచేశాను. మా హైస్కూలులోనే శిబిరాలు జరిగేవి. ప్రాణం పెట్టి పనిచేసిన లెక్చరర్లను చూశాను. బడి గోడ వెంట కానుగ, వేప మొక్కలు నాటించి, ఊరు వదిలి పోయేటప్పుడు నీళ్లు పోయమని మాకు మరీ మరీ చెప్పి పోయారు. సెలవుల్లో బడికి తాళం పడింది, నీళ్లు పోసే దిక్కు లేక మొక్కలు మాడిపోయాయి. ఫ్లెక్సీ మాత్రం ఇంకో ఏడాది వేలాడింది.

ఈ విషయంలో జెస్యూట్ ఫాదర్ల విద్యాసంస్థల నుంచి మనం నేర్చుకోవలసింది ఉంది. ఇగ్నేషియస్ లయోలా స్థాపించగా 1540లో పోపు ఆమోదం పొందిన క్యాథలిక్ క్రైస్తవ సంఘం వాళ్లది. మన చిత్తూరు సీమకు వాళ్లు కొత్తవాళ్లు కారు, 18వ శతాబ్దం తొలినాళ్లలోనే ఫ్రెంచి ఫాదర్లు పుంగనూరుకు వచ్చి పనిచేశారు. విజయవాడ ఆంధ్ర లయోలా కాలేజీ 1953లో వాళ్లు పెట్టిందే. మనవాళ్లు ఎందరో అక్కడ చదువుకుని వచ్చారు. ఇతరుల కోసం బతికే మనుషుల్ని తయారు చేయడమే చదువు లక్ష్యమని ఆ సంఘం పెద్ద పెద్రో అర్రుపే 1973లో తమ పూర్వ విద్యార్థుల ముందు గట్టిగా చెప్పారు. ఆ మాట మీద నిలబడటానికి వాళ్లు మనుషుల్ని పెట్టుకున్నారు. అమెరికాలోని జెస్యూట్ యూనివర్సిటీల్లో మిషన్ (సంస్థ ఆశయం), మినిస్ట్రీ (ఆధ్యాత్మిక సేవ) పేరిట ప్రత్యేక విభాగాలు ఉంటాయి. కొన్నిచోట్ల వాటి అధిపతిది వైస్ ప్రెసిడెంట్ హోదా. సమాజ సేవ చూసుకునే పూర్తికాలపు సిబ్బంది ఉంటారు. వాళ్లలో ఎక్కువమంది ఫాదర్లు కూడా కాదు, జీతానికి పనిచేసే మామూలు సంసారులే.

వాళ్ల పని పిల్లల్ని బస్సెక్కించి పంపడంతో అయిపోదు. ఏ బస్తీతో, ఏ బడితో తమ సంస్థకు సంబంధం ఉందో దాన్ని ఏడాది పొడవునా నిలబెట్టాలి. అక్కడివాళ్లకు ఏం కావాలో ముందు అడిగి తెలుసుకోవాలి. పిల్లలు తిరిగొచ్చాక కూర్చోబెట్టి, ఏం చూశారు, ఏది మనసును కలచింది, ఎక్కడ పొరపాటు చేశాం అని మాట్లాడించాలి. రోజు చివర తన రోజును తానే తరచి చూసుకోవడం ఇగ్నేషియస్ నేర్పిన సాధన. దాన్నే వాళ్లు సేవకూ పట్టించారు. మన పిల్లలకు ఈ చివరి మెట్టే దొరకడం లేదు. ప్రాజెక్టు బైండింగ్ చేయించి ఇచ్చేస్తే మార్కులు పడతాయి. ఒక ఇంట్లో చూసిన దుఃఖాన్ని ఆ పిల్ల ఎవరితో చెప్పుకోవాలి?

తిరుపతిలో కూర్చుని క్రైస్తవ సంస్థల పద్ధతి మెచ్చుకుంటున్నాడేమిటని కొందరికి అనిపించవచ్చు. వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ యూనివర్సిటీ జెస్యూట్‌లదే, 1789 నాటిది. అక్కడ ముస్లిం విద్యార్థుల కోసం 1999లో ఇమామును, హిందూ విద్యార్థుల కోసం 2016లో ఒక హిందూ పూజారిని ఉద్యోగంలోకి తీసుకున్నారు. తమ విశ్వాసం వదులుకోకుండానే ఎదుటివాళ్ల విశ్వాసానికి చోటిచ్చారు. మంచి పద్ధతి ఎక్కడున్నా తెచ్చుకోవడంలో మన దేవుడికి వచ్చే లోటేమీ లేదు.

అసలు ఈ పద్ధతి కొండ మీద మన కళ్ల ముందే ఉంది. 2000లో మొదలైన శ్రీవారి సేవను చూడండి. భక్తులే స్వచ్ఛందంగా ఏయే ఊళ్ల నుంచో వచ్చి, కొద్ది రోజులు ఉండి, క్యూలో నీళ్లు అందించి, అన్నప్రసాదం వడ్డించి వెళ్లిపోతారు. అయినా సేవ ఒక్కరోజు ఆగదు. ఎవరికి ఏ డ్యూటీ, ఎక్కడ బస, ఏం నేర్పాలి అని చూసుకునే యంత్రాంగాన్ని టీటీడీ ఏర్పాటు చేసింది గనక. సేవకులు మారుతుంటారు, నడిపేవాళ్లు ఉంటారు. మన కాలేజీలకు కావలసింది సరిగ్గా ఇదే.

1954 నాటి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, మహిళా విశ్వవిద్యాలయం, సంస్కృత, వేద, పశువైద్య విశ్వవిద్యాలయాలు, ఏర్పేడు వైపు ఐఐటీ, సైన్సు చదువుల ఐసర్. ఇన్ని చదువుల మధ్య ఉన్న పల్లెలు మావి. పశువైద్యం చదివే పిల్లలు ఒకే ఊరి పాడి ఆవుల్ని మూడేళ్లు వరసగా చూసుకుంటే ఆ ఊరి ఆడవాళ్ల చేతిలో నాలుగు రూపాయలు ఆడతాయి. రుయా ఆసుపత్రికి ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్లకు ఓపీ చీటీ ఎక్కడ, స్కానింగ్ ఎక్కడ అని చేయి పట్టుకుని చూపించే విద్యార్థులు రోజూ ఉంటే ఎంత టెన్షన్ తగ్గుతుంది! తోతాపురి మామిడి రైతుకు ధర పడిపోయిన ఏడు గుజ్జు ఫ్యాక్టరీ దగ్గర ఏం జరుగుతోందో కామర్స్ పిల్లలు లెక్కగట్టి చూపవచ్చు. ఇవేవీ వారం రోజుల్లో అయ్యేవి కావు.

పాఠాలు చెప్పే పోస్టులే ఖాళీగా ఉంటే ఇదెక్కడి ఖర్చు అంటారు. ప్రొఫెసరు స్థాయి పోస్టు నేనడగడం లేదు. సోషల్ వర్క్‌లో పీజీ చేసి, ఉద్యోగం లేక ఊరికే ఉన్న పిల్లలు మన జిల్లాలోనే దొరుకుతారు. కాలేజీకి ఒక్కరిని, పూర్తికాలానికి, కనీసం ఐదేళ్లు ఒకే ఊళ్ల బాధ్యతతో పెట్టండి. పాత సర్వే రిపోర్టులన్నీ వాళ్ల దగ్గర ఉండాలి. ఏటా వాటిని గ్రామసభలో చదివి, ఏది జరిగింది, ఏది జరగలేదు అని ఊరికి చెప్పాలి. ప్రోగ్రాం ఆఫీసర్లుగా ఉన్న లెక్చరర్లకు వీళ్లు చేదోడుగా ఉంటారు, పోటీ కాదు.

వైస్ ఛాన్సలర్లు, ఉన్నత విద్యామండలి ఆలోచించాలని ప్రార్థన. ముఖ్యంగా టీటీడీకి నా విన్నపం. ఎస్వీ ఆర్ట్స్, పద్మావతి, గోవిందరాజస్వామి కాలేజీలు మీ సొంతం. సేవను నడిపే అనుభవం మీకు కొండ మీదే ఉంది. వచ్చే విద్యా సంవత్సరం నుంచి ఈ మూడు కాలేజీల్లో ముగ్గురిని పెట్టి మొదలుపెట్టండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
చంద్రగిరి మండలం, తిరుపతి జిల్లా