ట్యాంకులకు రంగు వేద్దామా, వద్దా?

మిత్రులారా, మనం సముద్రంలో డైవింగ్‌కు వాడే అల్యూమినియం గాలి ట్యాంకులకు రంగు వేయిద్దామని ఇద్దరు ముగ్గురు అడిగారు. నా మాట: వద్దు, ఉన్నవి ఉన్నట్టే ఉంచుదాం. అల్యూమినియం ఇనుములా తుప్పు పట్టదు. గాలి తగిలితే చాలు, దాని మీద పల్చటి ఆక్సైడ్ పొర ఏర్పడి అదే కాపాడుతుంది. రంగు వేస్తే పడవ అంచుకు తగిలి ఎక్కడో ఒకచోట పెచ్చు లేస్తుంది. ఆ సందులోకి ఉప్పునీరు చేరి, రంగు కిందే గుంటలు పడతాయి. పైకి ఏమీ కనపడదు, నా భయమంతా అదే.

పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడితో అతికించడం) అయితే అసలే వద్దు. దానికోసం దాదాపు 180-200 డిగ్రీల వేడిలో కాలుస్తారు. 177 డిగ్రీలు దాటి వేడెక్కిన అల్యూమినియం ట్యాంకును ఇక వాడకూడదని అమెరికా నిబంధన. వేడికి లోహం బలం తగ్గుతుంది. మనం అందులో 200 బార్ (మామూలు గాలి పీడనానికి దాదాపు 200 రెట్లు) ఒత్తిడితో గాలి నింపుతాం, దయచేసి మరవకండి.

స్టీలు ట్యాంకుల సంగతి వేరు. జింకు పూత లేకపోతే వాటికి రంగు తప్పదు.

ఎవరిది ఏదో తెలియడానికి చిన్న స్టిక్కర్ చాలు. ట్యాంకు భుజం (మెడ కింది వంపు) మీద కొట్టిన నంబర్లు, టెస్ట్ తేదీ మాత్రం కనపడాలి. డైవ్ అయ్యాక ట్యాంకు అడుగున ఉన్న బూటు (తొడుగు) తీసి మంచినీళ్లతో కడగండి.