భీమిలి సందర్శన, సంరక్షణ పనులు: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

భీమిలికి వచ్చేవారిలో చాలామంది ఇసుకలో కాసేపు కూర్చుని తిరిగి వెళ్లిపోతున్నారు. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరిని అంతటితో చూసినట్టు కాదు. అందుకే ఈ ఏడాది ముఖ్యంగా ఒకరోజు సందర్శన క్రమాన్ని సరిచేశాం. మీ ఇంటికి వచ్చే చుట్టాలకు కూడా ఇదే చెప్పండి.

విశాఖ నుంచి బీచ్ రోడ్డులో వస్తుంటే ముందు తొట్లకొండ. ఎండ ముదరకముందే ఎక్కి స్తూపం, విహారాల పునాదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు చూసి దిగాలి. మంగమారిపేట తీరంలోని శిలాతోరణం దగ్గరకు ఆటు మీదే వెళ్లాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు ఇంకా వెనక్కి తగ్గుతుంది. రాళ్లకు నాచు ఉంటుంది, జారని చెప్పులు వేసుకోవాలి.

ఎక్కువ శ్రద్ధ అవసరమైనవి ఎర్రమట్టి దిబ్బలు. సముద్రమట్టం తగ్గిన కాలాల్లో బయటపడ్డ ఇసుకను గాలి మోసుకొచ్చి పోసింది. రేణువులకు ఇనుప ఆక్సైడు పట్టి ఎర్రబడింది. ఇది గట్టి రాయి కాదు, వాననీరు సులువుగా కోసేస్తుంది. గట్టు కింద తొలుచుకుపోయి పైన పలచని అంచు మిగులుతుంది. ఫొటో కోసం ఆ అంచున నిలబడితే మనిషితో సహా కూలుతుంది. కాబట్టి వాగు అడుగునే నడవాలి, గోడలకు దూరంగా ఉండాలి, వాన పడిన వెంటనే వెళ్లకూడదు. కోతలన్నీ ఒకేలా ఉంటాయి. దారి తప్పితే గట్టు ఎక్కకుండా నీరు పారిన వాలు వెంట సముద్రం వైపు నడవాలి. గోడల మీద పేర్లు చెక్కేవారిని అక్కడికక్కడే ఆపండి. చెక్కిన చోటే తర్వాతి వానకు మట్టి జారుతుంది.

ఊళ్లో దీపస్తంభం, గడియార స్తంభం, డచ్చివారి సమాధులు నడుస్తూనే చూడొచ్చు. సమాధుల దగ్గర మన శ్రమదానం చెత్త ఏరడం వరకే. సున్నపు గచ్చులో మొలిచిన రావి మొక్కను పీకితే వేరుతో పాటు గచ్చు పెళ్లలుగా ఊడుతుంది. పగులుకు సిమెంటు పూస్తే ఉప్పు తేమ లోపలే చిక్కి, పక్కనున్న పాత గచ్చును రాల్చేస్తుంది. ఉత్సాహవంతులైన సభ్యులు కూడా ఈ రెండు పనులకూ దిగవద్దు, నిపుణులకే వదలాలి.

గోస్తని సముద్రంలో కలిసే చోట స్నానం వద్దని అతిథులకు గట్టిగా చెప్పాలి. ఇసుక మేట చోటు మారుతూ ఉంటుంది, మోకాలి లోతు పక్కనే గుంట ఉండొచ్చు. ఆటు మొదలైతే ఏటినీరు సముద్రంలోకి లాగుతుంది. జాలరి వీధుల్లో ఆరబెట్టిన వలలను తొక్కకూడదు, అడగకుండా ఫొటోలు తీయకూడదు.

సాయంత్రానికి పావురాళ్లకొండ. తాగునీరు వెంట తీసుకెళ్లాలి, వెలుతురు ఉండగానే దిగిపోవాలి.

వచ్చే ఏడాది మొదటి పనిగా దిబ్బల దగ్గర, నదీముఖం దగ్గర తెలుగులో హెచ్చరిక బోర్డులకు అనుమతి అడుగుతాం. అక్షరాలు రాయగల సభ్యులు పేర్లు ఇవ్వగలరు.