ఆ పాత కామిక్ 37వ సంచిక ఇచ్చిన పెద్దాయనకి
సార్, మీ పేరు అడగడం కూడా మర్చిపోయా, 37వ నంబర్ చేతిలో పెట్టేసరికి బుర్ర పనిచేయలేదు. పన్నెండేళ్లుగా వెతుకుతున్నా దానికోసం, 36 ఉంది, 38 రెండు కాపీలున్నాయి, మధ్యలో ఆ ఖాళీ చూసినప్పుడల్లా పన్ను ఊడినట్టుండేది. "నా దగ్గర ఇంకోటుంది, తీసుకో బాబూ" అని అంత తేలిగ్గా ఎలా ఇచ్చేశారండీ, నేనైతే ఇచ్చేవాణ్ణి కాదు, నిజం చెప్తున్నా.

దానికన్నా పెద్ద సాయం ఇంకోటి చేశారు. చిరిగిన అట్టకి సెల్లో టేప్ వేస్తానంటే నా చెయ్యి పట్టుకుని ఆపారు చూడండి, ఆ జిగురు కొన్నేళ్లకి పసుపెక్కి కాగితంలోకి ఇంకిపోతుందట, తర్వాత పీకితే బొమ్మ కూడా ఊడొస్తుందట. న్యూస్‌ప్రింట్‌లో లిగ్నిన్ అని కలపలోంచి వచ్చే పదార్థం ఉంటుంది, వెలుతురూ గాలీ తగిలితే అదే పసుపెక్కుతుంది, పీవీసీ ప్లాస్టిక్ కవర్లొద్దు, పాలీప్రొపిలిన్‌వో మైలార్ అనే పాలిస్టర్ షీటువో వాడు, వెనక యాసిడ్ లేని అట్ట పెట్టు అన్నారు. ఇంటికొచ్చి చూస్తే నావన్నీ పీవీసీనే! ఆ రాత్రే మొత్తం విప్పేశా, నాలుగు సంచికలకి పిన్నులు తుప్పు పట్టి మరక దిగింది, ఏడుపొక్కటే తక్కువ. ఇప్పుడన్నీ పెట్టెలో నిలువుగా నిలబెట్టా, మంచం కింద నుంచి బీరువాలోకి ప్రమోషన్, మా ఆవిడ చీరలు కింది అరకి దిగాయి, ఆ గొడవ వేరే.

37 ఇంకా చదవలేదు సార్. రోజూ తీసి వాసన చూసి మళ్లీ లోపల పెట్టేస్తున్నా. మీకు అర్థమవుతుంది లెండి. చాలా చాలా థాంక్సండీ.