పోనీ సగమైనా చెప్పమంటోంది అమ్మ

కర్నూలు,
ఆదివారం పొద్దున

ఏం మామా, బాగున్నావా?

ఫోనెత్తలేదని అలిగావంట. ఎత్తే పరిస్థితి లేదురా. మా షాపు గోడౌన్లో రాగి వైరు చుట్టలు పోయాయి. లెక్కలు రాసేది నేనే కదా, స్టేషన్‌కు పిలిచారు. తెలిసిందంతా చెప్పాను. అయినా ఒకాయన తెల్లకాగితం ముందుకు జరిపి, "కింద సంతకం పెట్టు, పైన మేం రాసుకుంటాం" అన్నాడు. పెన్ను చెమటకు జారిపోతోంది. పెట్టనన్నాను. ఇక నోరు విప్పలేదు. "తప్పు చేయనోడివి నోరెందుకు మూసుకుంటావప్పా?" అన్నాడు. ఇంటికొస్తే అమ్మదీ అదే పాట: మౌనం అర్ధాంగీకారమంటారు కదరా!

ప్లీడరు బావ నన్ను కొండారెడ్డి బురుజు దగ్గరికి తీసుకెళ్లి, ఉగ్గాని బజ్జీ పెట్టించి మరీ క్లాసు పీకాడు. విచారణలో పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద చెప్పినవాడి సంతకం ఉండకూడదట, చట్టమే అంటోంది. నిందితుడి చేత అతనికే వ్యతిరేకంగా బలవంతంగా సాక్ష్యం చెప్పించకూడదని రాజ్యాంగం 20(3)లో ఉంది. అది కోర్టు బోనుకే కాదు, స్టేషన్లో అడిగే ప్రశ్నలకూ వర్తిస్తుందని 1978లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు ఎవరిదనుకున్నావ్? ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ శత్పథిది! రాసిచ్చిన ప్రశ్నలకు జవాబివ్వలేదని అంతటి ఆవిడ మీదే కేసు పెట్టారంటే, నేనెంత?

"మరి నా వేలిముద్రలు తీసుకున్నారే?" అన్నాను. అవి సాక్ష్యం చెప్పించడం కిందికి రావని 1961లోనే 11 మంది జడ్జీలు చెప్పారట. ఎంత తోమినా వదలని సిరా మామా, పచ్చటి ఉగ్గానిలో ఆ నల్ల బొటనవేలు పెట్టి తింటుంటే నాకే వెగటేసింది. మత్తుసూది వేసి మాట్లాడించే నార్కో పరీక్ష మాత్రం మన ఇష్టం లేకుండా చేయకూడదు, 2010 తీర్పు.

మా అమ్మ సామెతకు దగ్గరగా ఉన్నది ఇంగ్లండే. పోలీసులడిగినప్పుడు దాచిన మాటను తర్వాత కోర్టులో ఎత్తుకుంటే, అప్పుడెందుకు చెప్పలేదని అనుమానించవచ్చని 1994లో చట్టం చేశారు. ఆ మౌనం ఒక్కదానితోనే శిక్ష వేయలేరులే. అయినా నాకిది నచ్చలేదు. భయంతో నాలుక పిడచగట్టుకుపోయినవాడి సంగతేంటి?

అమెరికాలో అయితే పట్టుకున్నవాణ్ణి ప్రశ్నించేముందే "నువ్వు మాట్లాడకపోయినా ఫర్వాలేదు" అని పోలీసులే చెప్పాలి. 1966లో మిరాండా అనే నిందితుడి కేసులో వచ్చిన తీర్పు పుణ్యం. తమాషా ఏంటంటే, ఆ మిరాండా ఒప్పుకోలు చెల్లలేదు గానీ, మళ్లీ విచారణ జరిపి వేరే సాక్ష్యంతో శిక్ష వేశారు.

రేపు మళ్లీ రమ్మన్నారు. బావ వెంట వస్తానన్నాడు. అమ్మకు 20(3) ఎంత చెప్పినా ఎక్కలేదు. "పోనీ, సగమైనా చెప్పిరా" అంటోంది.

నీ
మామ