ఐ5, ఐ7 అని రాసి వదిలేయకండి, మోడల్ నంబర్ మొత్తం వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ టెక్నాలజీ పేజీ వదలకుండా చదువుతాను, కొత్తగా కంప్యూటర్ కొనేవాళ్లకి మీరిచ్చే సలహాలు చాలావరకు బాగుంటాయి. కానీ ఒక్క విషయంలో మీరు పద్ధతి మార్చుకోవాలని గట్టిగా అడుగుతున్నా. "ఐ5 ప్రాసెసర్", "ఐ7 ప్రాసెసర్", "రైజెన్ 5" అని ప్రాసెసర్ (అంటే కంప్యూటర్ పనులన్నీ చేసే ముఖ్యమైన చిప్) పేరు అంతవరకే రాసి ఆపేస్తున్నారు, పక్కన వచ్చే యాడ్స్‌లో కూడా అదే తంతు. ఆ ముక్కతో కొనేవాళ్లకి తెలిసేది దాదాపు ఏమీ లేదు, పైగా అంతా తెలిసిపోయిందని అనిపిస్తుంది, అది ఇంకా ప్రమాదం.

ఎందుకంటున్నానో చెప్తా. ఇంటెల్ ఐ7-7500యు అని 2016లో ఒక ల్యాప్‌టాప్ చిప్ వచ్చింది, పేరులో ఐ7 ఉంది గానీ లోపల ఉన్నవి రెండే కోర్లు (అంటే విడివిడిగా పనిచేసే భాగాలు). ఏడాది తిరిగేసరికి ఐ5-8250యు వచ్చింది, దాంట్లో నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనుల వరసలు), రెండూ 15 వాట్ల చిప్‌లే. ఐ7 అంటే ఐ5 కన్నా గొప్పదనుకుని పాతది కొన్నవాళ్ల సంగతి ఆలోచించండి, ఒకేసారి నాలుగు పనులు పెడితే వెనకబడేది ఆ ఐ7నే. అక్కడితో అయిపోలేదు, విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సపోర్ట్ ఉన్న చిప్‌ల లిస్టులో ఇంటెల్ వైపు దాదాపుగా 8వ జనరేషన్ (8250యు లాగా నంబర్ 8తో మొదలయ్యేవి) నుంచే మొదలవుతుంది, అంటే ఆ ఐ5కి చోటు ఉంది, ఈ ఐ7కి లేదు. విండోస్ 10 మామూలు సపోర్ట్ చూస్తే 2025 అక్టోబర్ 14తో ముగిసిపోయింది. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఇదే కదండీ.

పోనీ గిగాహెర్ట్జ్ (సెకనుకి చిప్ ఎన్ని సైకిళ్లు తిరుగుతుందో చెప్పే స్పీడ్ అంకె) చూసి కొందామా అంటే అదీ కుదరదు. పై రెండింట్లోనే బేస్ స్పీడ్ ఐ7ది 2.7, ఐ5ది 1.6 మాత్రమే, ఆ అంకె ఒక్కటే చూస్తే మళ్లీ తప్పుడు చిప్పే చేతికొస్తుంది. ఒకప్పుడు పెంటియం 4ని 3.8 గిగాహెర్ట్జ్ దాకా తీసుకెళ్లారు, తర్వాత 2006లో వచ్చిన కోర్ 2 డుయో అంతకన్నా చాలా తక్కువ స్పీడ్‌లో నడుస్తూనే దాన్ని దాటేసింది. ఒక్కో సైకిల్‌లో చిప్ ఎంత పని చేస్తుందన్నది డిజైన్‌ని బట్టి ఉంటుంది, కాబట్టి వేరే వేరే తరాల చిప్‌లని గిగాహెర్ట్జ్‌తో పోల్చడం దండగ.

రైజెన్ చిప్‌లు చేసే ఏఎండీ వాళ్లు కూడా ఈ విషయంలో తక్కువేం తినలేదు. రైజెన్ 5 7520యు అని ఉందనుకోండి, మొదటి 7 చూసి ఇది 7000 సిరీస్, కొత్తదే అనుకుంటాం, కానీ చూడాల్సింది మూడో అంకె, అక్కడ 2 ఉంటే లోపల ఉన్నది జెన్ 2 డిజైన్, అంటే 2019లో మొదలైనది. అదే సిరీస్‌లో 7530యు జెన్ 3, దానికి ఆరు కోర్లు, 7520యుకి నాలుగే. రెండిటి మీదా స్టిక్కర్ మాత్రం రైజెన్ 5 అనే ఉంటుంది! మీరు వార్తలో రైజెన్ 5 అని రాస్తే ఇందులో ఏది అని చదివేవాడు అనుకోవాలి చెప్పండి?

చివర్లో ఉండే అక్షరం ఇంకా ముఖ్యం, మీరు దాన్ని అసలు వేయనే వేయరు. ల్యాప్‌టాప్‌లో యు అంటే కరెంటు తక్కువ తాగే రకం, హెచ్ అంటే బరువు పనులకి. డెస్క్‌టాప్‌లో ఇంటెల్ చిప్‌కి చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, ఐ5-12400ఎఫ్ తెచ్చుకుని విడిగా గ్రాఫిక్స్ కార్డ్ పెట్టకపోతే మానిటర్ మీద బొమ్మే రాదు, ఎఫ్ లేని 12400కి ఆ బాధ లేదు. ఒక్క అక్షరం వదిలేస్తే ఇంత తేడా వస్తుంది.

ఇంకోటి, మీ సలహాల్లో ఎప్పుడూ బడ్జెట్ ఉంటే ఐ7కి వెళ్లండి అంటారు, అది నాకు అస్సలు నచ్చదు. ముందు ఏం పనికి అని అడగాలి కదా. చదువుకోవడానికి, ఆఫీసు ఫైళ్లకి, వీడియోలు చూడ్డానికి అయితే ఈమధ్య వచ్చిన మధ్యరకం ఆరు కోర్ల చిప్ చాలంటే చాలు, మిగిలే డబ్బులు 16 జీబీ ర్యామ్‌కి, మంచి ఎస్ఎస్‌డీకి పెడితే రోజువారీ పనిలో తేడా వెంటనే తెలుస్తుంది. వీడియో ఎడిటింగ్, పెద్ద ప్రోగ్రాములు కంపైల్ చేయడం లాంటివైతే అప్పుడు ఎక్కువ కోర్లు నిజంగా అక్కరకొస్తాయి. గేమ్స్ దారి వేరు, అక్కడ ముందు గ్రాఫిక్స్ కార్డ్, ఆ తర్వాతే ప్రాసెసర్, అందులోనూ క్యాష్ (చిప్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ) బాగా పనిచేస్తుంది. 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీకి స్పీడ్ మామూలు 5800ఎక్స్ కన్నా కాస్త తక్కువే, కోర్లూ అవే ఎనిమిది, కానీ ఎల్3 క్యాష్ 32 బదులు 96 ఎంబీ ఉండేసరికి చాలా గేమ్స్‌లో అదే ముందుంటుంది.

అందుకే నా విన్నపం ఏంటంటే, కంప్యూటర్ గురించి రాసినప్పుడల్లా ప్రాసెసర్ పూర్తి మోడల్ నంబర్ చివరి అక్షరంతో సహా వేయండి, పక్కన కోర్లు ఎన్నో, ఆ చిప్ ఏ సంవత్సరంలో వచ్చిందో రాయండి. అర లైను కూడా పట్టదు. యాడ్స్ ఇచ్చేవాళ్లని కూడా ఇది అడగమని మీ యాడ్స్ విభాగానికి చెప్పండి, చదివేవాళ్లు కొనేముందు ఆ నంబర్ సెర్చ్ చేసుకుని కంపెనీ సైట్‌లోనే చూసుకోగలుగుతారు.

వీలైతే సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ల కోసం కూడా ఒక చిన్న బాక్స్ ఐటమ్ వేయండి. అలాంటి మిషన్ మీద స్టిక్కర్ నమ్మకూడదు, ఆన్ చేయించి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి సీపీయూ మీద నొక్కితే పైన కుడివైపు చిప్ పూర్తి పేరు, కింద కోర్లు ఎన్నో కనిపిస్తాయి. డబ్బులు ఇచ్చేముందే అది చూడమని రాయండి.

ఇట్లు,
మీ పాఠకుడు