వార్షిక నివేదిక: శనివారం లెక్కల తరగతి

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి, ఉగాది, బతుకమ్మ ఈ ఏడాదీ బాగా జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి విడిగా పంపారు. వివరంగా చెప్పవలసింది లెక్కల తరగతి గురించే.

"ఇక్కడ ఇంగ్లండు బడుల్లో చెప్పేది చాలడం లేదు, చైనాలోలాగా ఎక్కువ లెక్కలు చేయించండి" అని పోయిన సర్వసభ్య సమావేశంలో చాలామంది అడిగారు. అసలు అక్కడ ఏం చేయిస్తారో ముందు తెలుసుకుందామని కమిటీ కూర్చుని చదివింది.

పదిహేనేళ్ల పిల్లలకు అనేక దేశాల్లో పెట్టే పీసా పరీక్షలో, 2012లో గణితంలో షాంఘైకి 613, బ్రిటన్‌కు 494, అమెరికాకు 481 వచ్చాయి. షాంఘై అంటే చైనా అంతా కాదు. పల్లెల నుంచి వలస వచ్చిన వాళ్ల పిల్లలు చాలామంది నివాస నమోదు నిబంధనల వల్ల అక్కడ పైచదువు దాకా ఉండలేరు. అయినా ఆ తేడా కొట్టిపారేసేది కాదు.

మమ్మల్ని బాగా కదిలించింది లిపింగ్ మా అనే గణిత విద్యా పరిశోధకురాలు చేసిన పని. ఒకటీ ముప్పావును అరతో భాగించమని ఆమె అమెరికాలో 23 మంది, చైనాలో 72 మంది టీచర్లను అడిగారు. చైనా టీచర్లందరూ సరిగా చేశారు. అమెరికా వాళ్లలో చివరిదాకా సరిగా చేసింది 9 మందే. ఆ భాగహారానికి అర్థమేమిటో ఒక కథగా చెప్పమంటే తేడా ఇంకా పెరిగింది. మన తరగతిలో అదే లెక్కను పాలతో చేశాం. ఒకటీ ముప్పావు లీటరును అర లీటరు గిన్నెల్లో పోయించాం. మూడు గిన్నెలు నిండి నాలుగోది సగానికి వచ్చింది. "భాగిస్తే తగ్గాలి కదా, మూడున్నర ఎలా అయింది?" అని ఒక పాప అడిగింది. ఆ రోజు గంటంతా ఆ ప్రశ్నకే ఇచ్చాం, ఇవ్వదగినదే.

షాంఘై ప్రాథమిక బడిలో లెక్కల టీచరు లెక్కలే చెబుతారు, అదీ రోజుకు రెండు పాఠాలు. మిగతా సమయం నోటుబుక్కులు దిద్దడానికి, తోటివాళ్లతో కలిసి పాఠం సిద్ధం చేయడానికి. ఇక్కడ ఒక్క టీచరే దాదాపు అన్ని సబ్జెక్టులూ మోయాలి. 2014 నుంచి కొన్నేళ్లు ఇంగ్లండు టీచర్లు షాంఘై వెళ్లి చూసి వచ్చినా, ఈ తీరిక మాత్రం వాళ్లకు దొరకలేదు. లోటు పిల్లల్లో ఉందని మేం అనుకోవడం లేదు.

ఇంకో సంగతి. 2021లో చైనాయే ఒకటి, రెండు తరగతులకు రాత హోంవర్కు వద్దంది, లాభం కోసం నడిపే ట్యూషన్లను కట్టడి చేసింది.

అందుకే ఎక్కాల పందెం ఆపేశాం. ఎక్కాలు మాత్రం మానలేదు. శుక్రవారం సాయంత్రం మన టీచర్లు కలిసి మర్నాటి పాఠానికి ఒకే ఒక్క లెక్క ఎంచుకుంటున్నారు. ఇంకో ఇద్దరు తోడు కావాలి. రుసుములో మార్పు లేదు.

ఇట్లు,
కార్యదర్శి